రాగిచేనులో అక్క గొంతు

తిమ్మరాజుకు వచ్చిన బహుమతులన్నీ బెంగళూరు ఫ్లాటులో, హాలు గోడకు చేయించిన అద్దాల బీరువాలో ఉంటాయి. వాటి దుమ్ము తుడవాలంటే పనమ్మాయికి విసుగు. శాలువాలయితే మడత విప్పకుండానే ఏ బంధువుల ఇంటి పెళ్లికో తరలిపోతాయి. నలభై ఏళ్లుగా సన్మానాలు చేయించుకుని చేయించుకుని ఆయనకు ఆ విద్య బాగా పట్టుబడింది. వేదిక మీద ఎవరైనా పొగుడుతుంటే కళ్లు సగం మూసి, మెడ ఓ పక్కకు వాల్చి, ఇదంతా నాకెందుకు అన్నట్టు కూర్చోగలడు. అలాంటి మనిషికి తమిళనాడులోని తన సొంత సీమ హోసూరు నుంచి తెలుగు మిత్రుల సభ వాళ్ల ఆహ్వానం అందినప్పటి నుంచి కుదురు లేకుండా పోయింది.

"మన హోసూరు మాటను వెండితెర మీద నిలబెట్టినందుకు" అని అచ్చు వేశారు మహానుభావులు. ఆయన సినిమాలు చూసి వేశారో, చూడకుండానే వేశారో తెలియదు. ఆయన తీసిన సినిమాల్లో హోసూరు మాట మాట్లాడిన మనిషి ఒక్కడూ లేడు. ఆ చుట్టుపక్కల తళి రైతయినా, బాగలూరు పూలమ్మే ముసలమ్మయినా, అందరూ కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ల లాగే మాట్లాడతారు.

కెమెరా ముందు ఒక్కామె మాత్రం మాట్లాడింది. ఆమె ఆయన అక్క అంజినమ్మ.

మొదటి సినిమా 'రాగిచేను' తీసేటప్పుడు తల్లి వేషానికి ఒప్పుకున్న నటి చివరి నిమిషంలో రానని కబురు పంపింది. దిక్కుతోచక తిమ్మరాజు తళి పక్కన అక్క ఇంటికి పరుగెత్తాడు. తల్లి లేని తనను పెంచింది ఆమే. క్యాబేజీ మడిలో ఉన్న మనిషి చేతులు కడుక్కుని వచ్చి, నాకేం తెలుసప్పా అంటూనే కెమెరా ముందు నిలబడింది. రాసిచ్చిన మాటలు ఒక్కసారి విని పక్కన పడేసేది. తనకు వచ్చినట్టు, వాళ్ల ఇంట్లో మాట్లాడుకునేటట్టు చెప్పేది. పొలం కొలవడానికి గొలుసు పట్టుకుని వచ్చిన సర్వేయరుతో ఆ తల్లి మాట్లాడే సీనులో అక్క ఏదో అంది. అది విని తిమ్మరాజు 'కట్' చెప్పడమే మరిచిపోయాడు.

ఆ రోజుల్లో షూటింగులో పట్టిన మాటలు గుర్తు కోసమే. తర్వాత డబ్బింగ్ థియేటర్లో మళ్లీ చెప్పించాల్సిందే. అక్కనే పిలిపించి చెప్పిద్దామనుకున్నాడు. సినిమా కొనడానికి వచ్చిన పెద్దమనిషి చూసి, ఇది తెలుగా, అరవమా, కన్నడమా, చిత్తూరు దాటితే ఎవడికి అర్థమవుతుందయ్యా అన్నాడు. మొదటి సినిమా. తిమ్మరాజు వాదించి ఉండవచ్చు. వాదించలేదు. విజయవాడ నుంచి చేయి తిరిగిన డబ్బింగ్ కళాకారిణి వచ్చి రెండు పూటల్లో పని ముగించి వెళ్లింది. అక్క మాటలున్న టేపు మీద స్టూడియోవాళ్లు ఇంకెవరిదో సినిమా రికార్డు చేసుకున్నారు.

ఉత్తమ దర్శకుడని తిమ్మరాజుకు తొలి బహుమతి ఆ సినిమాకే వచ్చింది. గొంతు ఇచ్చినావిడకూ వచ్చింది. ఆ విందులో న్యాయనిర్ణేతల్లో ఒకాయన ఆయన్ను పక్కకు తీసుకెళ్లి, ఆ తల్లి వేషం వేసినావిడకే ఉత్తమ నటి ఇద్దామనుకున్నామయ్యా, సొంత గొంతు కాకపోతే ఇవ్వకూడదని మా నియమం అడ్డొచ్చింది అన్నాడు.  తిమ్మరాజు ఆ సంగతి అక్కకు ఈనాటికీ చెప్పలేదు.

సినిమా విడుదలయ్యాక ఊళ్లోవాళ్లంతా టెంపో కట్టించుకుని కృష్ణగిరి థియేటరుకు వెళ్లారు. తెర మీద అంజినమ్మ నోరు విప్పగానే ఆడవాళ్లందరూ తెర వదిలేసి ఆమె ముఖంలోకి చూశారు. తిరిగి వస్తూ గురుబరపల్లిలో టీకి ఆగినప్పుడు ఆమె తమ్ముణ్ణి అడిగింది ఒక్కటే: "ఆ యమ్మ ఎవురప్పా? బాగా మాట్లాడింది." తిమ్మరాజు వ్యాపారమనీ, రూలనీ ఏవేవో చెప్పాడు. ఆమె సరే సరే అని టీ తాగింది. మళ్లీ ఆ మాటెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన ఎన్నోసార్లు అనుకున్నాడు.

ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది. ఈ సభలోనే అక్కను వేదిక ఎక్కించి, సర్వేయరుతో అన్న ఆ గొలుసు మాట ఆమె నోటితో, ఆమె మాటలోనే చెప్పించాలి. ఊరంతా వినాలి. తనతో పనిచేసే సౌండ్ రికార్డిస్టును కూడా మంచి మైకుతో రమ్మన్నాడు. ఈసారి ఆ గొంతు పోకూడదు.

అక్కకు ఫోన్ చేశాడు. మోకాళ్ల నొప్పులంది, అంతమందిలో భయమంది, చివరికి వస్తానంది. ఏం మాట్లాడల్ల అని అడిగింది. ఆ గొలుసు మాట చెప్పక్కా, చాలు అన్నాడు. నీ మాదిరే చెప్పమనాలని నోటిదాకా వచ్చింది. అలా అంటే పాత సంగతంతా తవ్వినట్టవుతుందని మింగేశాడు. అయినా అక్క ఇంకెలా మాట్లాడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున బాగలూరు రోడ్డు కల్యాణ మండపం నిండిపోయింది. కోడలు ప్రేమ చేయి పట్టుకుని అంజినమ్మ మెట్లెక్కింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, పట్టుచీర కట్టుకుని, తలలో రోజాపువ్వు పెట్టుకుని వచ్చింది. సన్మానం అయింది, శాలువా పడింది, ఫొటోలు తీశారు. తిమ్మరాజు మైకు తీసుకుని, ఈ గౌరవం నాది కాదు, మా అక్కది అన్నాడు. అందరూ అనే మాటే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం నిజంగానే అన్నాడు. మైకు అక్క ముందు పెట్టాడు.

అంజినమ్మ కళ్లు మూసుకుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"ఈ నేలను కొలవడానికి నీ గొలుసు సరిపోదు నాయనా. నా పాదాలనడుగు, చెబుతాయి."

అదే సినిమాలోది. విజయవాడ ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే తీసుకుంది. 'నాయనా' దగ్గర ఆవిడ ఎంత సాగదీసిందో అంతే సాగదీసింది. ఒక్క అక్షరం కూడా తప్పలేదు. మండపం హోరెత్తిపోయింది. ఈలలు వేశారు. రికార్డిస్టు బొటనవేలు పైకెత్తి, బాగా పట్టానని సైగ చేశాడు. 

భోజనాల దగ్గర అక్క పక్కనే కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు: "అక్కా, షూటింగులో నువ్వు చెప్పింది వేరే కదా. దాన్ని ఒకసారి చెప్పు."

అంజినమ్మ అన్నం కలుపుతూ ఆలోచించింది. పెదాలు కదిపింది. మళ్లీ 'ఈ నేలను' అనే వచ్చింది. తల అడ్డంగా ఊపింది.

"ఎట్ల చెప్పినానో నాకే మర్చిపోయిందప్పా. టీవీలో వేసినప్పుడల్లా ఆ యమ్మ మాటే విని విని, ఇప్పుడు నోరు తెరిస్తే అదే వస్తా ఉండాది. నువ్వే చెప్పు, నువ్వు విన్న్యావు కదా."

తిమ్మరాజు గుర్తు చేసుకోబోయాడు. 'ఇదో అప్పా' అని మొదలైంది. అంతవరకే వచ్చింది. ఆ తర్వాత ఎంత వెతుక్కున్నా ఆయనకూ విజయవాడ గొంతే వినిపించింది. ఆ మాట విన్నవాళ్లలో కెమెరామేన్ పోయాడు, సర్వేయరు వేషం వేసినాయన పోయాడు. ఇక అడగడానికి ఎవరూ లేరు.

ప్రేమ నవ్వుతూ అందుకుంది. నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి అత్తకు ఇదే పని మామా అంది. నా ఫోన్లో ఆ సీను పెట్టించుకుని, పూలు కోస్తూ కూడా చెవి దగ్గర పెట్టుకుని చెప్పుకుంటూనే ఉంది, ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటి నుంచి పెట్టమనేది అంది.

"ఎందుకక్కా?" అన్నాడు తిమ్మరాజు. 

"ఎందుకేమప్పా? అప్పుడు నా మాట బాగలేదనే కదా తీసేసినారు. ఇంతమంది పెద్దోళ్ల ముందర మళ్లీ అట్లే మాట్లాడి నీకు తలవంపు తెచ్చేదా? ఈసారన్నా సరిగ్గా చెప్పల్లని నేర్చుకున్యాను."

నీ మాట బాగలేకపోవడం కాదక్కా, నాకు ధైర్యం లేకపోయింది అందామనుకున్నాడు. ఉత్తమ నటి సంగతి కూడా చెప్పేద్దామనుకున్నాడు. అక్క ముఖం చూశాడు. పరీక్ష రాసి వచ్చిన పిల్లలా ఆయన వైపే చూస్తోంది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ల ఆ కష్టమంతా ఏమవుతుంది? ఆయనకు ఏడుపొచ్చింది.

"బాగా చెప్పినానా?" అంది అంజినమ్మ.

"బాగా చెప్పినావక్కా."

ఆమె ముఖం విప్పారింది. నీ ఆకులో ఏమీ లేదే అని, ప్రేమను పిలిచి తమ్ముడికి ఇంకొంచెం పాయసం వేయమంది.