తలకు పట్టించిన ఆముదం

మా అమ్మ పోలేరమ్మ చేసిన పనికి ఆ రోజు మద్రాసు ఆసుపత్రిలో నాకు తల కొట్టేసినట్టయింది.

చెల్లెలు ప్రేమలీల వాకాడు బడిలో పంతులమ్మ. ఫిబ్రవరిలో ఇంగ్లీషు పాఠం చెబుతూ మూర్ఛొచ్చి పడిపోయింది. వేసవి సెలవులయ్యి బడి తెరిచేలోగా డాక్టరు కాగితం తెస్తేనే ఉద్యోగం అన్నాడు మేనేజరు. మద్రాసులో మెదడు పనిని కాగితం మీద గీతలుగా గీసే మిషనుందట, అది చూడందే డాక్టరు ఏదీ రాసివ్వడట. మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు ఉత్తరమొచ్చినా చదివిపెట్టేది నేనే కాబట్టి, ఆసుపత్రికి రాసిందీ, మే ఇరవైకి తేదీ తెప్పించిందీ నేనే.

తీరా ముగ్గురం వెళితే, మిషను దగ్గరాయన లీల పాపట మీద వేలు పెట్టి చూసి, ఆ వేలు చొక్కాకు తగలకుండా దూరంగా పట్టుకున్నాడు. ఊరికి పోతున్నామని అమ్మ గిద్దెడు ఆముదం మాడుకు పట్టించి, బిగించి జడ వేసింది. ఎండు తలతో ఆడపిల్ల ఊరు దాటడం మా ఇంట్లో లేదు.

"ఈ జిడ్డు మీద మిషను తీగల బిళ్ళలు అంటుకోవు. ఇంకో తేదీ రాసి పంపిస్తాం" అన్నాడాయన.

"ఇక్కడే కడుక్కుంటుంది సార్" అన్నాను.

"ఆముదం ఒక్క కడుగుడుకు పోతుందా? బయట పదిమంది ఉన్నారు."

గూడూరు దాకా రైల్లో తిడుతూనే ఉన్నాను. "నీ ఆముదం పాడుగాను, దాని ఉద్యోగం ఊడగొట్టినావు గదమ్మా." జూన్‌లో లీల తరగతికి వేరే ఆమెను వేసుకున్నారు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని మళ్ళీ తిట్టాను. అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

జూలైలో రెండో ఉత్తరం వచ్చింది. అప్పటికే కుంకుడుకాయలు కొట్టి పెట్టుకున్న అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నాయనా, తేదీ ఒక్కటే కాదు, కింద ఉండేదంతా చదువు. నేనింకేం చెయ్యకూడదో చెప్పు."

చదివాను. నాలుగో వరుసలో ఉంది. ముందురోజు తలంటుకోవాలి, నూనె రాయకూడదు.

లేచి పెట్టెలోంచి మొదటి ఉత్తరం తీశాను. అదే అచ్చు, అదే నాలుగో వరుస. అది వచ్చిన రోజు తేదీ ఒక్కటే చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

"రెండిట్లోనూ ఉందమ్మా" అన్నాను.

గడపలో కూర్చున్న లీల చెయ్యి చాచి రెండు కాగితాలూ తీసుకుంది. నిదానంగా చదువుకుంది.

"ఆ పొద్దే నా చేతికిచ్చుంటే నేనే చదువుకునేదాన్ని గదన్నా" అంది.