దూలం కింద నాన్న పొగ

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే మారెన్ ముందుగా పైకప్పు వైపు చూస్తుంది. పొగలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. కిటికీ దగ్గర తాతవి రెండు, గల్లాపెట్టె పైన మేనత్తది ఒకటి, పొగాకు కలిపే బల్లకి సరిగ్గా పైన దూలాన్ని ఆనుకుని, దిండంత, నాన్నది. ఆ కొట్టు తీరే అంత. ఆకుల పాళ్లు కుదిరితే, ఆ మిశ్రమంతో కాల్చిన మొదటి పైపు పొగ బయటికి పోదు. కుదరకపోతే ఊళ్లో అన్ని పొగల్లాగే తలుపులోంచి రేవు వైపు వెళ్లిపోతుంది. నిలిచిన పొగ పక్కనే, దూలం మీద, కలిపినవాళ్ల పేరు సుద్దతో రాస్తారు. ఫ్యూన్ దీవిలోని ఆ రేవు ఊరి జనం పొగాకు కొనడానికొస్తే ముందు పైకి చూసి, ఆ తర్వాతే టోపీ తీసేవాళ్లు.

నాన్న ఎండాకాలంలో పోయాడు, తన మిశ్రమం గుట్టు ఎవరికీ చెప్పకుండానే. మిగతా విషయాల్లో చెయ్యి పెద్దదే, ఇందులో మాత్రం వట్టి పిసినారి. ఆయన కలిపి పెట్టిన జాడీ అడుగంటింది. యుద్ధం అయ్యాక కుర్రకారంతా సిగరెట్ల మీద పడ్డారు, ఉన్న పాతవాళ్లూ జారిపోతే కొట్టు ఎందుకని తమ్ముడు ప్రెబెన్ వాదన. సిగరెట్ల ఏజెంటు ఒకడు కొట్టు అడుగుతున్నాడు. నవంబరులో వచ్చే మార్టిన్ పండుగలోగా ఒక్క పొగ నిలబెట్టు, లేదంటే ఇచ్చేద్దాం అన్నాడు ప్రెబెన్.

"నిలబెడతాను," అంది మారెన్, బంగాళాదుంపల తొక్క తీస్తూనే.

రుచి చూసే పని పడవ నడిపే ముసలి ఆస్గెర్‌ది. రెండు తరాల పొగలూ ఎరిగిన నోరు, పైగా మొహమాటం తెలియనిది. మొదటిసారి తేనెరంగు వర్జీనియా ఆకు ఎక్కువ పడింది. నాలుక మీద కందిరీగ వాలిందన్నాడు ఆస్గెర్. రెండోసారి దానికి విరుగుడుగా కమ్మటి బర్లీ ఆకు పెంచింది గానీ, తడి ఆరకముందే దట్టించింది. పైపులో కప్ప బెకబెకమంటోందన్నాడు. మూడోసారి కప్ప పోయింది, నిప్పూ పోయింది. అగ్గిపెట్టె ఖాళీ అయింది. మూడు పొగలూ వెనక్కి తిరిగి చూడకుండా తలుపు దాటాయి.

అప్పుడు మారెన్ నిచ్చెన వేసుకుని నాన్న పొగ దగ్గరికి ఎక్కింది. కళ్లు మూసుకుని పీల్చింది. బర్లీ తను అనుకున్నంత లేదు. దిగి, పాళ్లు మార్చి, మర్నాడు మళ్లీ ఎక్కింది. ఈసారి చలిమంట వాసన తగిలింది. పొగబెట్టి ఎండబెట్టిన సిరియా నల్లాకు అది, ఒక్క చిటికెడు. అలా దగ్గర పడుతున్న కొద్దీ పొగ పల్చబడుతోంది. దిండంత ఉన్నది పిడికిలంత అయింది.

"అక్కా, నాన్నని నువ్వే తాగేస్తున్నావు," అన్నాడు ప్రెబెన్ నిచ్చెన కింద నిలబడి.

ఆ మాటకి మారెన్‌కి ఏడుపొచ్చింది. నిచ్చెన మీదే కూర్చుని తనివితీరా ఏడ్చింది. వద్దనుకుంటే ఆ పిడికెడు పొగ అలాగే ఉంటుంది, కానీ దాని కింద సిగరెట్ల పెట్టెలు ఉంటాయి. ముక్కు తుడుచుకుని ఇంకో మెట్టు ఎక్కి, మిగిలినదంతా ఒక్క గుక్కలో పీల్చేసింది. దూలం బోసిపోయింది. ఆమె ముక్కులో మాత్రం ఆకు వాసన కాదు, వేడి వేడి రై ధాన్యపు రొట్టె వాసన నిలిచింది.

పక్కింటి రొట్టెల కొట్టు కార్లా దగ్గరికి అలాగే పరుగెత్తింది. నాన్న ఇక్కడికేమైనా తెచ్చేవాడా అని అడిగితే, అవునంది కార్లా. మీ నాన్న శనివారం సాయంత్రం, పొయ్యి చల్లారుతున్నప్పుడు, ఇనప పెట్టె తెచ్చి వెనక గూట్లో పెట్టి సోమవారం తీసుకెళ్లేవాడంది.

"నాతో సరసానికి అదో వంక అనుకున్నాను. పెట్టెలో పొగాకుందా?" అంది కాస్త చిన్నబోయి.

శనివారం దాకా ఆగితే పండుగ దాటిపోతుంది. మారెన్ ఆ పూటే ఆకు నొక్కి పెట్టెలో బిగించి, పొయ్యి భగభగమంటూ రొట్టెలు కాలుతుండగానే గూట్లో పెట్టించింది. ఆ రోజు ఊరంతా పొగాకు వాసన రొట్టె తిని కార్లాని దెప్పింది.

పండుగ సాయంత్రం ఆస్గెర్ పైపు నింపాడు. ఒక్క పుల్లకే అంటుకుంది. నాలుక కొరకలేదు, కప్ప అరవలేదు, మధ్యలో ఆరలేదు. ఆయన తొందరపడకుండా అడుగుదాకా కాల్చి, తెల్లటి బూడిద అరచేతిలోకి దులుపుకుని చూశాడు.

"ఇది మీ నాన్నది కాదమ్మాయ్. ఆయనది చివర్లో మిరియంలా తగిలేది. ఇది చివరిదాకా తియ్యగానే ఉంది."

మారెన్ బల్ల అంచు పట్టుకుంది. నాన్నా పోయాడు, ఆయన పొగాకూ రాలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ ప్రెబెన్ కోటు గుండీలు పెట్టుకుని, ఏజెంటుకి కబురు చెయ్యడానికి తలుపు బార్లా తీశాడు. సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. పొగ గుమ్మం దాకా వెళ్లి అక్కడ కాసేపు ఊగింది. తర్వాత తీరిగ్గా వెనక్కి తిరిగి, బల్ల మీదుగా లేచి, నాన్న ఖాళీ చేసిన చోట సర్దుకుంది.

ప్రెబెన్ తలుపు మెల్లగా మూశాడు. సొరుగులోంచి సుద్దముక్క తీసి నిచ్చెన లాక్కొచ్చాడు. జారుతుంది పట్టుకోమని అక్కకి చెప్పి ఎక్కాడు. నాన్న పేరు చెరపలేదు. దాని పక్కనే పెద్ద అక్షరాలతో మారెన్ అని రాశాడు.

"ఆ ఏజెంటుకి రావద్దని నేనే చెప్తాలే," అన్నాడు కిందికి చూడకుండా, కళ్లు తుడుచుకుంటూ. సుద్దపొడి పడిందన్నాడు. ఆస్గెరూ మారెనూ అవునవును, సుద్దపొడే అన్నారు.