నిమ్మళం అని రాసిన టైర్లు

టైర్ల కొట్టు తలుపు తీయగానే మామగారు ఇద్దరల్లుళ్ళనీ అడిగే మొదటి మాట ఒకటే. "ఇవాళ మనసెలా ఉందల్లుడూ?"

అడగాలి మరి. కొండదారుల్లో, బురదలో తిరిగే లారీల టైర్లకి అక్కడ చేత్తో గాట్లు పెడతారు. సుద్దతో గీత గీసుకుని, కాల్చిన వంపుకత్తితో గాడి లోతు చేసి, రబ్బరు దిమ్మల మీద అడ్డంగా సన్నటి గాట్లు పెడితే, టైరు బురదని విదిలించుకుని నేలని గట్టిగా పట్టుకుంటుంది. కోసేవాడి మనసు ఎలా ఉంటే టైరూ అలాగే తయారవుతుంది. అందుకే కోసిన టైరు మీద ఆ వేళ్టి మనసేమిటో సుద్దతో రాసిపెడతారు. గాజు సామాను మోసే లారీలవాళ్ళు 'దిగులు' టైర్లు అడిగి మరీ తీసుకుంటారు, అవి మెల్లగా పోతాయని. పెద్దల్లుడికి పన్నునొప్పి వచ్చిన వారం కోసిన టైర్లు దారి పొడుగునా మూలిగాయి. డ్రైవరు వచ్చి, పన్ను పీకించుకోమని చెప్పి పోయాడు.

పెద్దల్లుడు పందొమ్మిదేళ్ళుగా ఆ కొట్లో కత్తి పడుతున్నాడు. మూడేళ్ళ కిందట మరదలికి పెళ్ళయి తోడల్లుడొచ్చాడు. వచ్చాడు సరే, పని నేర్చుకున్నాడు సరే, ఈల వేసుకుంటూ కోయడం దేనికి? అతని టైర్ల మీద ఎప్పుడూ ఒకటే మాట, హుషారు. లారీలవాళ్ళు గుమ్మంలోంచే "చిన్నాయన ఉన్నాడా?" అనేవాళ్ళు. అత్తగారైతే చిన్నల్లుణ్ణి ఆకాశానికెత్తేది. ఇద్దరికీ టీ పంపేది గానీ, చిన్నల్లుడి గ్లాసు మీదే మూత ఉండేది. ఆ మూత కంటబడినప్పుడల్లా పెద్దల్లుడికి కడుపు భగ్గున మండేది.

"కొత్తొక వింత, పాతొక రోత," అని భార్య దగ్గర గొణిగేవాడు.

"మూత కోసం ఏడుస్తారా ఎవరైనా? వంటింట్లో పది మూతలున్నాయి, కావలసింది తీసుకోండి," అనేది ఆవిడ. ఆడవాళ్ళు కొన్ని సంగతులు తెలిసీ తెలియనట్టే ఉంటారు.

ఆ ఏడు మామగారి చూపు మందగించింది. తన ఇత్తడి పిడి కత్తినీ, దాంతోపాటు కొట్టునీ ఒకరి చేతిలో పెట్టాలనుకున్నాడు.

"వానలు పడుతున్నాయి. కొండ మీద క్వారీకి రెండు లారీలు ఎక్కాలి. చెరొక లారీకి టైర్లు కోసి, అందులోనే కూర్చుని వెళ్ళండి. ఎవరి లారీ దారి తప్పకుండా ఎక్కితే వాళ్ళదే కత్తి."

మర్నాడు పొద్దున్న మళ్ళీ ఆ మూత. మళ్ళీ ఆ ఈల.

"ఇవాళ మనసెలా ఉందల్లుడూ?"

"నిమ్మళంగా ఉంది మామయ్యా," అన్నాడు పెద్దల్లుడు.

కత్తి కాల్చి కూర్చున్నాడు. పందొమ్మిదేళ్ళ చాకిరీ నిన్న గాక మొన్నొచ్చినవాడి ఈలకి కొట్టుకుపోతుందా అని ఒక గాటు. ఆ నవ్వుమొహానికి ఒక్కసారైనా ఏడుపు రాదేం అని ఇంకో గాటు. ఆరు టైర్లూ అలాగే కోశాడు. గాట్లు మాత్రం దువ్వెన పళ్ళలా వచ్చాయి. ఆరింటి మీదా 'నిమ్మళం' అని రాశాడు. సుద్దతో అబద్ధం రాయడం అతనికదే మొదలు.

చిన్నల్లుడి లారీ ముందు, పెద్దల్లుడి లారీ వెనక. కొండ ఎక్కడం మొదలుపెట్టారో లేదో డ్రైవరు గోల పెట్టాడు.

"ఇదేం చోద్యమయ్యా! ఎటు తిప్పినా ముందు లారీ జాడలోకే పోతోంది. వాడి తోక వదలదే! నిమ్మళమని రాశావు కదా?"

"నువ్వు ముందు చూసి నడుపు," అని పెద్దల్లుడు భుజాలు తడుముకున్నాడు.

ఆఖరి మలుపులో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్కడ ముందు లారీ చక్రాలు ఆగాయి. ఒక్కసారి వణికి, వెనక్కి జారడం మొదలుపెట్టాయి. కిటికీలోంచి చిన్నల్లుడు తల బయటపెట్టాడు. ఈల లేదు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీదికొచ్చేస్తున్నాడు! వెనక్కి తీస్తున్నా!" అని డ్రైవరు గేరు మార్చాడు. లారీ కదిలితేనా! ఆ చిన్నవాడికి చోటివ్వడం ఆ టైర్ల వల్ల కాలేదు. ముందు లారీ వచ్చి బంపరుకి గుద్దుకుంది. ఇనుము కిర్రుమంది. ఆరు టైర్లూ బురదలో సగానికి దిగబడ్డాయి గానీ, వేలెడంత కూడా వెనక్కి పోలేదు. ముందు లారీ అక్కడే ఆగిపోయింది.

చిన్నల్లుడు దిగి వచ్చి తోడల్లుణ్ణి వాటేసుకున్నాడు.

"నీ నిమ్మళమే నన్ను బతికించింది అన్నయ్యా."

పుండు మీద కారం చల్లినట్టయింది పెద్దల్లుడికి.

లారీలు కొట్టుకి తిరిగొచ్చేసరికి సంగతి ముందే చేరిపోయింది. మామగారు ఇత్తడి పిడి కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. టైర్ల మీది సుద్దరాతలు వానకి పూర్తిగా చెరిగిపోయాయి. చెయ్యి చాస్తే చాలు, కత్తి అతనిదే. పెద్దల్లుడు చెయ్యి చాచలేదు. సుద్దముక్క తీసుకుని, తన టైరు తుడిచి, పెద్ద అక్షరాలతో 'కుళ్ళు' అని రాశాడు.

చిన్నల్లుడు ఆ మాట రెండుసార్లు చదువుకుని, అతని చేతిలోంచి సుద్ద అందుకుని తన టైరు దగ్గరికెళ్ళాడు. 'భయం' అని రాశాడు.

"దేనికి భయం?" అన్నాడు మామగారు.

"అన్నయ్యంటేనే. నేను ఒక గాటు పెట్టేలోపు ఆయన మూడు పెడతాడు. మూడేళ్ళుగా ఆ భయంతోనే ఈల వేస్తున్నాను."

పెద్దల్లుడు బెంచీ మీద కూలబడ్డాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు అడుగున, దాచుకుందామన్నా దాగనంత సంతోషమూ వేసింది.

"రాత చెరిగిపోయిందిగా, ఊరుకుంటే సరిపోయేదిగా," అంటూ మామగారు కత్తి తీసుకొచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

మర్నాడు టీ వచ్చింది. రెండు గ్లాసుల మీదా మూతలున్నాయి. చిన్నల్లుడిది మాత్రం కొత్త మూత.

"ఇవాళ మనసెలా ఉందల్లుడూ?"

పెద్దల్లుడు సుద్దముక్క తోడల్లుడికిచ్చాడు.

"నువ్వే చూసి రాయి తమ్ముడూ. నా మాట నేను నమ్మను."

చిన్నల్లుడు అతని మొహం వంక చూశాడు, మూతల వంక చూశాడు. 'కుళ్ళు, కొంచెం' అని రాసి, తన మూత తీసి అన్నయ్య గ్లాసు మీద పెట్టాడు.