ఎత్తని ఫోన్లు

1998లో మహబూబ్‌నగర్‌లోని ఒక విత్తనాల కంపెనీలో తాహేరా కంప్యూటర్ పని చూసేది. ఫోన్ లైన్ల సమాచారాన్ని కంప్యూటర్‌కు అందించే డ్రైవర్ ప్రోగ్రాం రాసింది ఆమే. రైతులు చేసే ఫోన్లలో ఎత్తినవాటినే తెర మీదికి పంపమని మేనేజర్ రఘుపతి చెబితే, మనసొప్పకున్నా అలాగే అమర్చింది.

వానాకాలంలో మక్తల్ వైపు నుంచి పోచయ్య అనే రైతు వచ్చాడు. అతను వేసిన ఆముదాలు మొలవలేదు.

"వారం సంది ఫోన్ చేస్తున్న సారూ. ఒక్కలన్న ఎత్తలే."

రఘుపతి తెర చూపించాడు. "నువ్వు చేసినట్టు గిండ్ల యాడుంది? కంప్యూటర్ అబద్ధం చెప్తదా?"

పోచయ్య తల దించుకున్నాడు. తన తండ్రి వయసు మనిషి అలా నిలబడితే తాహేరాకు ఒళ్లు మండిపోయింది.

"అబద్ధం చెప్పింది కంప్యూటర్ గాదు సార్, మనం! డ్రైవర్ ప్రోగ్రాంల అన్నీ ఉన్నయి. మీరే పంపొద్దన్నరు."

ఆమె ఆ ఒక్క అమరిక మార్చింది. ఎవరూ ఎత్తని ఫోన్లు తేదీ, టైముతో సహా తెర నిండా వచ్చాయి.

"కాకా, ఎప్పుడెప్పుడు చేసినవ్?"

"మంగళారం పొద్దుగాల పదింటికి. మల్ల బేస్తారం."

మంగళవారానిదీ, గురువారానిదీ రెండూ తెర మీద ఉన్నాయి.

"నీకు నౌకరి వద్దా?" రఘుపతి అరిచాడు.

"గిట్లాంటిదైతె వద్దు," అంటూ ఆమె ఆ జాబితాను కాగితం మీద అచ్చుతీసి పోచయ్య చేతికిచ్చింది.

దాన్ని పట్టుకుని అతను వ్యవసాయ ఆఫీసుకు పోయాడు. మొలకెత్తని గింజలతో ఇంకో ముప్పై మంది వెంట నడిచారు. అధికారులు నిలదీయడంతో కంపెనీ కొత్త విత్తనాలు ఇచ్చింది, తాహేరాను మాత్రం తీసేసింది. ఉద్యోగం పోయిందని ఆమె ఏడవలేదు. రఘుపతి చెప్పిన రోజే కాదనలేకపోయినందుకు తన మీద తనకే కోపం చాన్నాళ్లు ఉండిపోయింది.