ముట్టని నీళ్లు

భద్రమ్మకు లోకంలో ఉన్నది ఒకే ఒక్క శత్రువు. నీళ్లు. ఆమె పుట్టిందీ మెట్టిందీ నల్గొండ జిల్లాలోని ఫ్లోరైడ్ ఊళ్లోనే. నడుము వంగినవాళ్లు, కాళ్లు వంకరపోయినవాళ్లు ఇంటికొకరున్న ఊరది. తల్లి చేతివేళ్లు వంకర్లు తిరిగాయి, ముప్పై దాటేసరికి తనవీ తిరిగాయి. ఊరంతా నీళ్ల రోగమే అన్నది. నీళ్ల రోగానికి మందేముంటుందని ఇద్దరూ ఏ దవాఖాన గడపా తొక్కలేదు.

కూతురు శ్రీవాణి పుట్టాక మాత్రం పంతం పట్టింది. మొగుడితో పోట్లాడి పొలం అమ్మించి సంసారాన్ని ఫ్లోరైడ్ లేని మక్తల్‌కు మార్చింది. పుట్టింటికి పోయినా పిల్లకు నీళ్లు మోసుకుపోయేది. వచ్చినవాళ్లకు ముందు చెంబెడు నీళ్లివ్వడం ఆ ఇళ్లలో మర్యాద. ముసలి తల్లి వంకర వేళ్లతోనే చెంబు పట్టుకొస్తే, భద్రమ్మ పిల్లను వెనక్కి లాగేది.

"నేనేమన్న విషం పోస్తున్ననా బిడ్డా?"

"నీ చేతులు జూస్కో అమ్మా. నా బిడ్డకు గవి రావొద్దు."

మనుమరాలు తన చేతి నీళ్లు తాగకుండానే ఆ ముసలిది కన్నుమూసింది. భద్రమ్మకు బాధేసింది. అయినా నిటారుగా ఉన్న బిడ్డ వేళ్లు చూసి గుండె దిటవు చేసుకుంది.

పెరిగాక ఆ వేళ్లతోనే శ్రీవాణి పొద్దున్నే జొన్నరొట్టెలు చరిచేది. భద్రమ్మకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. ఒకరోజు చప్పుడు లేదు. లేచి చూస్తే కూతురు పిండి ముందు కూర్చుని ఏడుస్తోంది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి.

"పొద్దుగాల పిడికిలి పడ్తలేదమ్మా. ఏడాది సంది గిట్లనే ఉంది. యాడనో నీళ్లు తాగినవని తిడ్తవని చెప్పలే."

ఆ నీళ్లు ముట్టని పిల్లకు ఇదెలా వచ్చిందని భద్రమ్మ ఆ రోజే కూతుర్ని బస్సెక్కించింది.

మహబూబ్‌నగర్‌లో డాక్టరమ్మ కూతురి ఎక్స్‌రే చూసింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, తల్లి చేతులు పట్టుకుని చూసింది.

"ఇది నీళ్ల వల్ల కాదమ్మా. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి కీళ్ల మీద పడుతుంది. ఆ వాపు ఎముకను తినేస్తుంది. ఈ గుణం జన్యువుల్లో దిగుతుంది. అందరికీ జబ్బుగా మారదు. మీకు మారింది, ఈమెకూ మారింది. మీ అమ్మగారిదీ ఇదే అయ్యుంటుంది."

"మందు లేదా మేడం?"

"ఉంది. మొదట్లోనే వస్తే చాలావరకు ఆపేవాళ్లం. పోయిన ఎముక తిరిగి రాదు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. భద్రమ్మ ఇన్నేళ్లూ కాపలా కాసింది వీధి తలుపు దగ్గర.

బస్టాండులో ఆమె కూలబడిపోయింది. "నీళ్లు వద్దంటి. నా నెత్తురే ఇస్తి. మా అమ్మను ఉత్తగనే ఏడిపిస్తిని గదనే!"

శ్రీవాణి దుకాణంలో నీళ్ల సీసా కొనుక్కొచ్చింది. నల్లా నీళ్లు ఇప్పటికీ ముట్టరు మరి. మూత తిప్పబోయింది, రాలేదు. కొంగుతో పట్టి తిప్పింది, రాలేదు. తల్లి అందుకుని రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి తిప్పింది, ఆమెకూ రాలేదు.

మక్తల్ బస్సు వచ్చేదాకా మూత రాని ఆ సీసా ఇద్దరి మధ్యా అలాగే ఉంది.