కోచ్ గారి మాసిన మూట

ఫైనల్ ఆట రోజు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళిన ఒనేలియాకి, రాత్రి జట్టు చొక్కాలు నానబెట్టిన తొట్టిలో సబ్బు నురగ తప్ప ఏమీ కనిపించలేదు.

గేటు దాకా నీటి చుక్కల చార. ఎవరో ఎత్తుకెళ్ళారు! జట్టుకున్నవి ఆ తెల్ల చొక్కాలే. అందరికీ ఒకే రంగు చొక్కాలు లేకపోతే సాయంత్రం జట్టు కోర్టులో దిగడానికి వీల్లేదు. ఆడకుండానే ఓడినట్టు. యౌకో ఊరు ఏమంటుందో ఆమెకి ఇప్పుడే వినిపించింది: "మగాళ్ళ జట్టుకి ఆడదాన్ని కోచ్‌గా పెడితే ఇంతే మరి."

పోర్టోరికో బాస్కెట్‌బాల్ లీగులో మగవాళ్ళ జట్టుకి కోచ్ అయిన మొదటి ఆడది తను. ఓడితే తనొక్కతే ఓడదు, తనను చూసి బంతి పట్టుకున్న బడి ఆడపిల్లలందరూ ఓడతారు. ఆమె ఫొటో పేపర్లో పడిన రోజే క్లబ్బు ప్రెసిడెంటు, ఊరంతా గౌరవంగా 'డాన్' అని పిలిచే ఫ్రోయ్‌లాన్, మాసిన బట్టల మూట గుమ్మంలో దింపించాడు. జట్టు బట్టలు కోచ్ ఇంట్లో ఉతకడం ఆ క్లబ్బు ఆనవాయితీ. ఇదివరకటి కోచ్‌ల బట్టలు వాళ్ళ పెళ్ళాలు ఉతికారు. కోచే ఆడదైతే ఎవరు ఉతకాలని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. పగలు బళ్ళో ఆటల పాఠాలు, సాయంత్రం ప్రాక్టీసు, ఆ తర్వాత చెమట కంపు. అవతలి జట్టు డిఫెన్స్‌ని ఎలా చీల్చాలో ఆలోచిస్తూ చంకల మరకలు రుద్దేది. "ఊరికి కోచ్‌వైతే ఏమే, ఇంట్లో సబ్బు నీదే" అని ఊగే కుర్చీలోంచి నవ్వేది అత్తగారు. మొగుడి పేరు ఎవారిస్తో; అతను ఆమె బకెట్ ఈడ్చుకెళ్తుంటే దారివ్వడానికి కాళ్ళు పైకెత్తేవాడు. ఆ మర్యాదే ఎక్కువ నొప్పెట్టేది.

ఆమె ఫోన్ చేసి సంగతి చెబితే డాన్ ఫ్రోయ్‌లాన్ విరుచుకుపడ్డాడు. "నాలుగు చొక్కాలు కాపాడలేకపోయావా తల్లీ? ఇక కప్పు ఏం తెస్తావ్?"

"ఆట గెలిపించడానికి పెట్టుకున్నారండీ నన్ను. ఇంక ఆ మూట నా గుమ్మంలో దింపకండి."

ఫోన్ పెట్టేసి, తొట్టిలో మిగిలిన నురగ పారబోసింది.

అప్పుడే గేటు ముందు మొగుడి పాత ట్రక్కు ఆగింది. మోకాళ్ళ దాకా తడిసిన పంట్లాంతో, చేతిలో బుట్టతో దిగాడు. పైనున్న చొక్కా తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. గులాబీ రంగు!

"దొంగని నేనే ఒనీ. రాత్రి నువ్వు తొట్టి పక్కనే కూర్చుని కునికిపాట్లు పడ్డావు. చూడలేకపోయాను. తెల్లారకుండానే మా చెల్లెలి ఇంటికి పట్టుకెళ్ళి మెషీన్లో వేశాను, నా ఎర్ర చొక్కాతో సహా. తగలడ్డాయి. అయినా అన్నీ ఒకే రంగు కదా, ఆడనిస్తారు. తిట్టు, పడతాను. పాత కోచ్‌లకి పెళ్ళాలు ఉతికితే నీకు ఉతకాల్సింది నేనే. అది ఇవాళ తట్టింది కాదే. మొదటి మూట వచ్చిన రోజే తెలుసు. తెలిసే ఊరుకున్నాను."