తళతళ ఇంటికొచ్చిన లేతు

వీధి చివర ఇస్త్రీ దుకాణం ఆయన్ని అందరూ తళతళ అనేవారు. ఆయన ఇంట్లో గచ్చు మీద ఈగ వాలితే జారిపడి నడుం విరగ్గొట్టుకునేదట. ఆయన ఇస్త్రీపెట్టె అడుగున ఒక కాకి తన మొహం తనే చూసుకుని, వేరే కాకి అనుకుని పోట్లాటకు దిగిందని కూడా చెబుతారు. కాకి సంగతి ఎలా ఉన్నా, ఈగ మాట మాత్రం నిజం.

పొద్దస్తమానం ముడతలు చదును చేసే ఆ మనిషికి లోపల ఒకటే కోరిక. ఏదైనా ఒకటి గుండ్రంగా చెయ్యాలి. ఆయన పెళ్లాం అన్నగారు గడియారాలు బాగుచేస్తాడు. ఆ కొట్టు వెనక కుట్టుమిషనంత పాత లేతు ఒకటి తుప్పు పట్టి పడి ఉంది. ఇనప కడ్డీని బిగించి గిర్రున తిప్పుతుంటే, ఉల్లిపొర వలిచినట్టు దాన్ని గుండ్రంగా చెక్కే యంత్రం అది. తళతళ దాని చుట్టూ బెల్లం చుట్టూ చీమలా తిరిగేవాడు.

"ఏం బావా, నా మిషన్ని చూసినట్టు మా చెల్లెల్ని ఎప్పుడైనా చూశావా?" అన్నాడు గడియారాల బావగారు.

"మీ చెల్లెలికి తుప్పు పట్టలేదుగా బావగారూ!"

బావగారు నవ్వి, సొరుగులోంచి ఒక ఉక్కు రింగు తీసి చేతిలో పెట్టాడు. "పట్టుకుపోయి బాగుచెయ్. దీనికి సరిపడా ఒక కడ్డీ చెక్కు. ఆదివారం వస్తా. రింగు ఈ కొస నుంచి ఆ కొసకి పట్టెయ్యకుండా, లొడలొడ ఊగకుండా జారిందా, మిషను నీది. జారలేదా, బొమ్మల కొట్టువాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, వాడిది. చుట్టరికం చుట్టరికమే, మిషను మిషనే."

తళతళ లేతుని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. ఒక్క మర కూడా వదలకుండా విప్పాడు. కిరసనాయిల్లో నానబెట్టాడు, తీగ బ్రష్షుతో తోమాడు, పాత పళ్ల బ్రష్షుతో సందులు గోకాడు. ఆ తుప్పు ఊడ్చి పోగుపెడితే పిల్లి ఎక్కి అవతలి మేడ మీదికి దూకిందట. తిరిగి బిగించేసరికి మిషను పెళ్లికొడుకులా మెరిసింది.

"మా అన్నయ్య చూస్తే తన మిషనే కాదంటాడు," అంది పెళ్లాం. "అది సరే, నా వంటిల్లు నాకెప్పుడిస్తారు?"

"తిరగనీవే!"

తిరిగింది. పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా తిరిగింది. కడ్డీ బిగించి చెక్కాడు. తీరా రింగు తొడిగితే, ఈ కొసన వదులు, సగానికొచ్చేసరికి బిగుసుకుపోయింది. ఇంకోటి చెక్కాడు. అదీ అంతే. కడ్డీ అన్నది కడ్డీలా రాక ముల్లంగిలా వస్తోంది. మరలు బిగించాడు, వదులు చేశాడు, బతిమాలాడు, తిట్టాడు. ముల్లంగి ముల్లంగే. శనివారానికి మనిషి మొహం ఇస్త్రీ చెయ్యని చొక్కాలా అయింది.

పెళ్లాం కూరలు తరుగుతూ చూసింది. "కడిగేటప్పుడు ఏమైనా పారేశారా?"

"మురికి తప్ప ఏం లేదు."

"మురికంటే?"

"కడ్డీని పట్టుకుని తిప్పే ఆ తలకాయ కూర్చునేచోట, ఒక పక్కన జిడ్డోడుతూ పిసరంత రేకుముక్క ఇరుక్కుని ఉంటే పీకి అవతల పారేశా. ఎంత అసహ్యంగా ఉందనుకున్నావ్!"

ఆవిడ కత్తి కింద పెట్టింది. "ఈ బల్ల కాలి కింద నేను అట్టముక్క పెట్టానా? చెత్తని పెట్టానా, బల్ల ఊగుతోందని పెట్టానా? అక్కడ పెట్టినవాడూ ఊరికే పెట్టలేదు మహానుభావా! తలకాయ వంకర తీర్చడానికి పెట్టాడు."

తళతళ చెత్తబుట్ట దగ్గరికి పరిగెత్తాడు. పారేసిన రేకు చెత్తబండిలో ఎప్పుడో పోయింది. ఇంట్లో డబ్బాలన్నీ కిందికి దిగాయి. బిస్కట్ల డబ్బా రేకు కత్తిరించి పెడితే మందమైంది, ముల్లంగి తలకిందులైంది. పౌడరు డబ్బా రేకు మరీ పల్చన. దగ్గు బిళ్లల డబ్బా మూత కత్తిరించి దూర్చాక, చెక్కిన కడ్డీ మీద రింగు నూనెలో వేలులా జారింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కేకేశారు.

అక్కడితో ఊరుకుంటే ఆయన తళతళ ఎందుకవుతాడు? కడ్డీ మీద సన్నటి చెక్కుడు గీతలున్నాయి, రంగు మబ్బుగా ఉంది. బావగారి చేతికి ఇలాంటిది ఇవ్వడమా! పెళ్లాం అటు పడుకోగానే కడ్డీని మళ్లీ తిప్పుతూ గరుకు కాగితం పట్టి, అందులో చూసి మీసం దువ్వుకోవచ్చు అన్నంత మెరుగు పెట్టాడు.

ఆదివారం బావగారు వచ్చాడు. కడ్డీ చూసి కళ్లు చికిలించుకున్నాడు. రింగు తొడిగాడు. కొసన సరిగ్గా జారింది. మధ్యకొచ్చేసరికి లొడలొడ ఊగింది.

"నిన్న జారింది బావగారూ! ఒట్టు! మీ చెల్లెలు సాక్షి!"

"జారిందన్నయ్యా, నేను చూశా," అంటూ ఆవిడ కడ్డీ అందుకుని వెలుగులో పెట్టింది. తరవాత మొగుడి వైపు తిరిగింది. "మళ్లీ రుద్దారా?"

తళతళ నేల చూపులు చూశాడు. "కాస్తంత... పైపైన."

"పైపైన రుద్దితే నడుం సన్నబడిందా?" బావగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇది మిషను తప్పో, నీ చేతుల తప్పో నాకెలా తెలుస్తుంది? నా ఎదురుగా ఇంకోటి చెక్కు. చెక్కే ఉలి పక్కకి జరిగాక నీ వేలు కడ్డీకి తగిలిందా, మిషను బొమ్మల కొట్టుకే."

తళతళ బిగించాడు, చెక్కాడు. లేతు ఆగింది. కడ్డీ మీద గీతలు, అంచున వేలాడుతూ ఒక ఇనప పోగు. ఆయన వేళ్లు జొన్నపొత్తు చూసిన చిలక ముక్కులా ముందుకు సాగాయి. పెళ్లాం వెనకనుంచి ఆయన రెండు మణికట్లూ గట్టిగా పట్టుకుంది.

"ఒక్కసారి తుడవనీవే!"

"చస్తే తుడవనివ్వను. అన్నయ్యా, త్వరగా చూడు, ఈయన బలం మామూలుది కాదు!"

బావగారు తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నాడు, పోగు తుంచాడు, రింగు తొడిగాడు. చడీచప్పుడు లేకుండా ఆ కొసకి వెళ్లింది, తిరిగి వచ్చింది.

"ఉంచుకో," అన్నాడు లేస్తూ. "ఆ గరుకు కాగితం మాత్రం ఇలా ఇచ్చెయ్."

మర్నాడు ఇస్త్రీ దుకాణం తెరవలేదు. బట్టల కోసం వచ్చినవాళ్లు వంటింటి కిటికీలోంచి తొంగిచూసి, లోపల మనిషి లేతు మీంచి తలెత్తకపోయేసరికి, వారం పొడుగునా ముడతల చొక్కాలతోనే పనుల్లోకి వెళ్లారు.